అవ్వ ఫోటోలోని చిలకపచ్చ

నేను వెబ్ సైట్లు చేయడం నేర్చుకుంటున్నానని తెలిశాక మా బంధువుల్లో నాకు ఉన్నట్టుండి గౌరవం పెరిగింది. మా చిక్కబళ్ళాపురం వైపు సైటు అంటే ఇల్లు కట్టుకునే జాగా. బెంగళూరు గాలి సోకి పొలాలన్నీ తెల్లరాళ్ళు పాతించుకుని సైట్లు అయిపోతున్న కాలం అది. ఒక పెళ్ళిలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, యాడుండాదమ్మా నీ సైటు, ముప్పై నలభయ్యా అని అడిగాడు. కాదప్పా, పద్నాలుగు అంగుళాలు అన్నాను, మానిటర్ కొలత చెబుతూ. ఆయన నా వంక జాలిగా చూశాడు. ఎవరో నన్ను గట్టిగానే మోసం చేశారనుకుని ఉంటాడు. లేఅవుట్ కూడా నేర్పిస్తున్నారని చెప్పేసరికి ఆ అనుమానం రూఢి అయింది.

అవ్వ మాత్రం నమ్మింది. అవ్వ అంటే మా నాయన తల్లి. నా సైటులో ఒక మూలన మునగచెట్టు పెట్టమని, నీళ్ళు తను పోస్తానని చెప్పింది. ఆ పెళ్ళికి అవ్వ చిలకపచ్చ చీర కట్టింది, మెరూన్ అంచుది. ఫోటో తీసేవాడు అందరినీ వరుసగా నిలబెడితే, ఎండకు కళ్ళు చికిలించి, ఎవరి మీదో కోపం వచ్చినట్టు నిలబడింది. ఆమెకు ఉన్న ఫోటో అదొక్కటే.

మా ఊరు పాతపాళ్యకు అవతల, బాగేపల్లి తాలూకా. వేరుశనగ, రాగి, వాన పడితే. నేను చిక్కబళ్ళాపురంలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. సాయంత్రాలు ఒక కంప్యూటర్ సెంటర్లో వెబ్ డిజైన్ క్లాసు. ఆరు కంప్యూటర్లు, పదకొండు మందిమి. శనివారం బస్సెక్కి ఊరికి వెళ్తే నాయన పంట సంగతి చెప్పేవాడు, నేను ఫాంటు సంగతి చెప్పేదాన్ని. రెండూ ఆ ఏడు సరిగ్గా రాలేదు.

క్లాసులో నేను చేసిన మొదటి పేజీ మా ఊరి గురించి. వెనక రంగు చిలకపచ్చ. నాకు తెలిసిన అందమైన వస్తువు అవ్వ చీరే కాబట్టి ఆ రంగు వెతికి వెతికి పట్టుకున్నాను. దాని మీద ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తేవి. కింద ఎంతమంది చూశారో లెక్క చూపే చిన్న గడి. మాస్టారు బెంగళూరు నుంచి వారానికి మూడు రోజులు వచ్చేవారు. నెమ్మదస్తుడు, ఎవరినీ గట్టిగా అన్నది లేదు. నా పేజీ తెరిచి కొంచెంసేపు చూసి, ఈ పేజీ చూస్తే నాకు చెవులు మూసుకోవాలనిపిస్తుంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆయన మాకు కళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. గీత, ఆకారం, రంగు, అక్షరం, ఖాళీ. మనిషి కన్ను ముందు దేని మీద పడుతుంది, తర్వాత ఎటు పోతుంది. ఒక్క ఫోటో చాలు, చుట్టూ ఒక్క గీత చాలు. పెద్దగా అరిచే రంగు పెడితే ముఖం వినబడదు. రంగు తీసేసి చూడండి, నలుపు తెలుపుల్లో నిలబడినదే అసలు డిజైన్. అన్నిటికన్నా ముఖ్యం ఖాళీ, దాన్ని నింపాలని చూడకండి. మా ఇంట్లో ఖాళీకి ఏనాడూ కొరత లేదు, రాగుల గాదెలో అడుగు దాకా కనబడేది. దాన్ని డిజైన్ అంటారని నాకప్పటిదాకా తెలియదు.

కొత్తగా మాల వేసుకున్నవాళ్ళకు నియమాలు ఎక్కువంటారు కదా, నాకూ అంతే. రెండు నెలల్లో చిలకపచ్చ అంటే ముఖం తిప్పుకునే స్థితికి వచ్చాను. బస్సుల మీద రాతలు, సోడా బండి మీది బొమ్మలు, బాగేపల్లి అంగళ్ళ బోర్డులు అన్నిటినీ మనసులోనే దిద్దేదాన్ని. మా అమ్మ వేసే ముగ్గులో కూడా కొంచెం ఖాళీ వదలవచ్చు కదా అని ఒకసారి అన్నాను. అమ్మ ముగ్గు డబ్బా నా చేతికిచ్చి లోపలికి పోయింది.

అవ్వలో ఖాళీ ఎప్పుడు మొదలైందో మాకు సరిగ్గా తెలియదు. చారులో ఉప్పు రెండుసార్లు వేయడం, తర్వాత అసలే వేయకపోవడం. నాయనను పట్టుకుని నువ్వు ఎవరి కొడుకువప్పా అని అడగడం. పిమ్మట పుట్టింటి కలవరింత పట్టుకుంది. ఆమె పుట్టిల్లు చింతామణి అవతల. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు, ఆమె అన్న చనిపోయి పదేళ్ళు దాటింది. అయినా మధ్యాహ్నమయ్యేసరికి, మా అన్న వస్తానన్నాడు, పోవల్ల అని వాకిట్లో కూర్చునేది. అమ్మ ఆమెను మాటల్లో పెట్టి లోపలికి తెచ్చేది. దినమూ ఇదే పని.

వేసవిలో ఒక మంగళవారం అమ్మ మేకకు ఆకు తేవడానికి పోయి వచ్చేసరికి అవ్వ లేదు. పెట్టెలో పెళ్ళికి కట్టిన చీర కూడా లేదు. చేలూరు దాకా ఆమె బస్సులో వెళ్ళిందని కండక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళిందో చెప్పేవాళ్ళు లేరు. చీర సంగతి అమ్మ నాయనకు చెప్పింది. నాయన ఆ కంగారులో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. హాస్టల్ ఫోనులో ఆయన గొంతు చాలా మామూలుగా ఉంది. అవ్వ కనపడలేదు పాపా, ఎండలు చూస్తే ఇట్లుండాయి, ఆమె ఎవురినీ నీళ్ళు కూడా అడగదు అన్నాడు. అది నిజం. అడగడం అవ్వకు చేతకాదు, పెట్టడమే వచ్చు. త్వరగా దొరక్కపోతే బతికి దొరకదని మా అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు.

పోలీసులకు చెప్పడం నాయన పని. నోటీసు చేయడం నా పని. ఇంట్లో కంప్యూటర్ తెలిసినదాన్ని నేనే. జీవితంలో మొదటిసారి నా చదువు ఎవరికైనా పనికి వస్తోంది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది గానీ, బుధవారం సాయంత్రం ఆ మానిటర్ ముందు కూర్చున్నప్పుడు భయంతో పాటు కొంచెం ఉత్సాహం కూడా ఉండింది.

పెళ్ళి ఫోటోను స్కాన్ చేశాను. అవ్వను పక్కవాళ్ళ భుజాల నుంచి జాగ్రత్తగా కత్తిరించాను. వెనక ఉన్న షామియానా, మామిడాకులు తీసేశాను. తర్వాత ఆ చిలకపచ్చ. అది తెర మీద అరుస్తోంది. ముఖం మీదికి కన్ను పోనివ్వడం లేదు. రంగంతా తీసేశాను. తీయగానే చీర లేత బూడిద అయింది, వెలుగు కొంచెం పెంచితే దాదాపు తెలుపు అయింది. ముఖం పైకి తేలింది. ప్రతి ముడతా కనబడింది. ఆ ముఖాన్ని కాగితం నడుమ పెట్టాను. చుట్టూ సన్నటి నల్లగీత. కింద ఆమె పేరు, వయసు. దాని కింద చిన్న అక్షరాల్లో, మా వైపు రాత కన్నడమే కాబట్టి కన్నడంలో, కనబడుటలేదు అని. ఆ కింద ఆచూకీ తెలిస్తే చెప్పవలసిన ఫోను నంబరు. మిగతాదంతా ఖాళీ. మాస్టారు వెనక నుంచి వచ్చి ఎవరని అడిగారు. చెప్పాను. ఆయన మౌస్ తీసుకుని ఫోటోను ఒక్క వెంట్రుకవాసి పైకి జరిపి, చాలా బాగా చేశావమ్మా అన్నారు. అది నా చదువులో నేను అందుకున్న మొదటి మెప్పు.

అదే పేజీని ఇంటర్నెట్లో కూడా పెట్టాను. కింద లెక్క చూపే గడి వారానికి పదకొండు చూపింది. అందులో తొమ్మిది నేనే.

గురువారం అచ్చు కాగితాల కట్ట పట్టుకుని ఇంటికి వెళ్ళాను. నాయన ఒకటి తీసి చూసి, మీ అవ్వను ఎంత బాగా చేసినావు పాపా అన్నాడు. అమ్మ చెయ్యి తుడుచుకుని వచ్చి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎందుకు ఇట్ల నల్లగా చేసినావు?"

"ముఖం బాగా కనపడాలని. రంగులుంటే కన్ను అటూ ఇటూ పోతాది."

"పచ్చచీర ఉండింటే బాగుండు కదా."

"నీకు తెలీదు లేమ్మా. ఇది చూసేవాళ్ళకు తెలుస్తాది."

అమ్మ కాగితాన్ని మళ్ళీ కట్ట మీద పెట్టేసింది. అమ్మకు చదువు లేదు, నాకు ఉంది. ఆ లెక్క ఆ ఇంట్లో అందరూ ఒప్పుకున్నదే.

బాగేపల్లిలో, చేలూరులో నాయన అంటించాడు. చిక్కబళ్ళాపురంలో నేనూ నా స్నేహితురాలూ బస్టాండు నుంచి నంది రోడ్డు దాకా అంటించాం. చింతామణి, శిడ్లఘట్ట మా మేనమామ చూసుకుంటానన్నాడు. ఆయన గురువారం రాత్రే శిడ్లఘట్టలో అంటించి, శుక్రవారం తెల్లవారకముందే చింతామణిలో దిగి, అంగళ్ళు తెరవకముందే తలుపుల పక్కన గోడల మీద అతికించి, పొలం పనికి మొదటి బస్సుకే తిరిగి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. కాగితమే మాట్లాడుతుంది అని చెప్పింది నేనే.

సోమవారం పొద్దున మా దూరపు బంధువు ఒకాయన భార్యతో శిడ్లఘట్ట నుంచి వచ్చాడు. పట్టుగూళ్ళ మార్కెట్లో పని. నేను ఆ రోజు కాలేజీకి పోకుండా ఇంట్లోనే ఉన్నాను. బస్సు దిగినప్పటి నుంచే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వస్తోంది. వాకిట్లోకి రాగానే అమ్మను కౌగిలించుకుంది. ఆయన చెప్పులు దూరంగా విడిచి, నాయన పక్కన కూర్చుని, ఎప్పుడు పోయిందప్పా, మాకు కబురన్నా పెట్టకూడదా, మార్కెట్టు గోడ మీద చూసి పరుగెత్తుకొని వచ్చినాము అన్నాడు.

అమ్మ తనను పట్టుకున్న చేతులను మెల్లగా విడిపించుకుంది.

"ఏడవద్దమ్మా. ఆమె పోలేదు. కనపడలేదు, అంతే."

ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. గోడ మీద నుంచి చిరగకుండా తీసుకొచ్చినట్టున్నాడు. దాన్ని నేల మీద పరిచాడు. అందరం వంగి చూశాం. మా వైపు మనిషి పోతే ఇంటివాళ్ళు కాగితాలు అచ్చు వేయించి బస్టాండులో, అంగడి గోడల మీద అతికిస్తారు. నడుమ ఒక ముసలి ముఖం. నలుపు తెలుపు. చుట్టూ నల్లగీత. కింద పేరు, వయసు. ఆ కింద భావపూర్ణ శ్రద్ధాంజలి, వైకుంఠ సమారాధన ఏ రోజో. నేను పుట్టినప్పటి నుంచి బస్సు కోసం నిలబడిన ప్రతిసారీ అవి నా కళ్ళ ముందే ఉన్నాయి. వాటిని ఎవరూ చదవరు. దూరం నుంచే గుర్తుపట్టి, నోట్లో అయ్యో అనుకుని, బస్సెక్కుతారు.

మనిషి కన్ను ముందు దేని మీద పడుతుందో నేర్చుకున్నాను కదా. ఏ మనిషి కన్నో అడగడం మరచిపోయాను.

నాయన చొక్కా వేసుకున్నాడు. నేనూ ఆయన చింతామణికి బయలుదేరాం. బస్టాండు వెనక వీధిలో ఒక చిన్న టీ అంగడి. దాని గోడ మీద అవ్వ ఉంది. కాగితం పైఅంచున రెండు కనకాంబరాలు గుచ్చి ఉన్నాయి, వాడిపోయి. కింద గోడ పగులులో ఊదుబత్తి పుల్ల, కాలిపోయిన బూడిద. దాని కిందనే మనిషి కూర్చునేంత అరుగు.

అంగడాయన యాభై ఏళ్ళ మనిషి. చదువు రాదని ముందే చెప్పాడు. నాయన ఆ కాగితం చూపించి, ఈమె మా అమ్మ, బతికే ఉండాది, కనపడకుండా పోయింది అని చెబితే, ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. కాగితం వైపు చూశాడు. అరుగు వైపు చూశాడు.

"మెరూన్ అంచు చీరనా అప్పా?"

నాయన తల ఊపాడు.

"మూడు దినాలు ఈడే కూర్చోనుండె. శుక్రవారం మధ్యాన్నం వచ్చె. మా అన్న వస్తాడు, పిలుచుకొని పోతాడు అంటా ఉండె. బన్ను ఇస్తే తినె, టీ ఇస్తే తాగె. తనుగా ఏమీ అడగలా."

"ముఖం చూడలేదా అప్పా నువ్వు?" నాయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"చూస్తి. ఒకటే మాదిరి ఉండాదే అనుకొంటి. కానీ బొమ్మలో ఆయమ్మది తెల్లచీర, ఈయమ్మది చిలకపచ్చ. పోయినామెకు చెల్లెలేమో అనుకొంటి. అక్క బొమ్మ కింద కూర్చోనుండాది, దుఃఖంలో ఉండే మనిషిని యేం అడిగేది అని ఊరికే ఉంటి. ఆయమ్మ కోసరమే పూలు పెడితి."

ఆ మాట అన్నాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పొద్దునే, అంగడి తెరిచేసరికి, అవ్వ లేచి వెళ్ళిపోయింది. ఏ వైపు పోయిందో ఆయన చూడలేదు. పూలు మారుద్దామని కొత్తవి తెచ్చి పెట్టుకున్నాడు, అవి తడిగుడ్డలో అలాగే ఉన్నాయి.

మేము బస్టాండు, సంత, ఆసుపత్రి, గుడి అన్నీ తిరిగాం. ఆమె పుట్టిన ఊరికీ వెళ్ళి చూశాం. అక్కడికి రాలేదన్నారు. మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆమె ఎక్కడ ఉందో ఈరోజుకీ మాకు తెలియదు.

మరునాడు చిక్కబళ్ళాపురం వెళ్ళి రెండో నోటీసు చేశాను. ఫోటోను రంగుల్లోనే ఉంచాను. చీర మొత్తం కనబడేలా, పక్కవాళ్ళ భుజాలు కూడా కనబడేలా. పైన కాగితం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రటి లావు అక్షరాల్లో కనబడుటలేదు. దాని కింద పసుపు పట్టీ, పట్టీలో ఫోను నంబరు. ఎక్కడా వేలు పెట్టే ఖాళీ వదలలేదు. మాస్టారు ఆ రోజు రాలేదు.

రంగు కాగితాలు కాబట్టి తక్కువే వేయించగలిగాం. నాయన, నేను చింతామణిలో ప్రతి అంగడికీ వెళ్ళి చేతికిచ్చి, నోటితో చెప్పి, తర్వాతే అంటించాం. పోలీస్ స్టేషన్లో కూడా ఒకటి ఇచ్చాం. టీ అంగడాయన పాత కాగితం తానే తడిపి, గోరుతో గీకి తీసి, అదే చోట కొత్తది అతికించాడు.

ఆ నోటీసు చాలా బాగా పనిచేసింది. గురువారం పొద్దునే ఫోను వచ్చింది. చేలూరు రోడ్డులో, మా ఊరి వైపు వచ్చే దారిలో, రోడ్డు కింది నీటి మోరీ పక్కన చింతచెట్టు కింద ఒక గొర్రెలాయన చూశాడట. అప్పటికే ప్రాణం పోయి ఒక రోజు దాటి ఉంటుందన్నారు. కానిస్టేబుల్ ముఖం చూసి గుర్తుపట్టలేదు. ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. చీర చూసి గుర్తుపట్టాడు. కాగితం పక్కన పెట్టి పోల్చుకున్నానని, రంగు సరిగ్గా వచ్చిందని నాయనతో చెప్పాడు.

ఆమె పుట్టింటి వైపు కాకుండా మా ఇంటి వైపు నడిచింది. ఆ ఎండలో సగం దారి పైనే వచ్చింది. అది తలుచుకోవడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. ఆమెను మా పొలంలోనే, నాయన తండ్రి పక్కన పెట్టాం.

మూడో రోజు నాయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పదకొండో దినానికి కాగితాలు వేయించాలి, అందరికీ తెలియాలి కదా అన్నాడు. నేను తల ఊపాను.

"మొదట చేసినావే పాపా, అదే వేయి. బాగుండె అది."

ఆయన నన్ను పొడవడానికి అనలేదు. నాయనకు పొడవడం రాదు. నిజంగానే ఆయనకు అది నచ్చింది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి నా వైపు చూసింది. చీర పచ్చగా ఉండనీ అంటుందేమో అనుకున్నాను. కట్టెను ఒక్కసారి ఎగదోసి తల తిప్పుకుంది.

సెంటర్లో ఆ ఫైలు తెరిచాను. ఫ్లాపీలో ఎలా పెట్టానో అలాగే ఉంది. ముఖం సరిగ్గా నడుమ. చుట్టూ గీత. ఒక్క వెంట్రుకవాసి కూడా జరపాల్సిన అవసరం లేదు. కనబడుటలేదు అన్న చోట భావపూర్ణ శ్రద్ధాంజలి అని కొట్టాను, అదే సైజు, అదే అక్షరం. కింద ఆచూకీ తెలిస్తే అన్న వాక్యాన్ని, ఫోను నంబరునూ తీసేశాను. అక్కడ సమారాధన రోజు వేయాలి. కానీ వేలు కదలలేదు. ఆ చోటు తెల్లగా, కాగితం అడుగు దాకా, అలాగే ఉండిపోయింది. వెనక నుంచి మాస్టారి అడుగులు వినబడ్డాయి. నా కుర్చీ దగ్గర ఆగాయి. ఈసారి ఆయన మౌస్ తీసుకోలేదు.